కోడిపిల్లల మేతలో ప్రోటీన్: మొదటి ఆరు వారాల్లో కండ పడుతుందా కొవ్వు పడుతుందా, స్టెప్ బై స్టెప్ పూర్తి గైడ్

పిల్లల్ని దింపిన వారానికల్లా చాలామంది చేసే పని ఒకటుంది. స్టార్టర్ ఫీడ్ (చిన్న పిల్లలకి పెట్టే రెడీమేడ్ మేత) రేటు చూసి భయపడి, బస్తాలో సగం నూకలో మొక్కజొన్న రవ్వో కలిపేస్తారు. పిల్లలు చక్కగా తింటాయి, ఇంకా ఎక్కువే తింటాయి, బరువు కూడా పెరుగుతూనే ఉంటాయి, దాంతో "ఏం తేడా రాలేదు, డబ్బులు మిగిలాయి" అనుకుంటారు. తేడా కోసినప్పుడు తెలుస్తుంది. పొట్టలో కందనకాయ చుట్టూ పసుపు పచ్చటి కొవ్వు ముద్ద, ఛాతీ దగ్గర పలచటి కండ. కాటా మీద బరువు బరువే కానీ అందులో మాంసం ఎంత, కొవ్వు ఎంత అన్నది మేతలో ప్రోటీన్ డిసైడ్ చేస్తుంది. ఇంకా కరెక్టుగా చెప్పాలంటే ప్రోటీన్‌కీ ఎనర్జీకీ మధ్య ఉన్న లెక్క డిసైడ్ చేస్తుంది. ఈ గైడ్ మొత్తం ఆ లెక్క గురించే. యాభై నుంచి ఐదొందల దాకా నాటు కోళ్లో, వనరాజ లాంటి పెరటి రకాలో, చిన్న బ్రాయిలర్ బ్యాచ్‌లో పెంచేవాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా.

స్టెప్ 1: ప్రోటీన్ పిల్ల లోపల ఏం చేస్తుందో ముందు అర్థం చేసుకోండి

బ్రాయిలర్ పిల్ల పుట్టినప్పుడు సుమారు 40 గ్రాములు ఉంటుంది, బాగా చూసుకుంటే ఏడో రోజుకి 170, 180 గ్రాములకి వస్తుంది, అంటే వారంలో నాలుగు రెట్లు దాటి. ఈ పెరుగుదలలో నీళ్లు తీసేస్తే మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం ప్రోటీనే. కండ, పేగు, కాలేయం, రక్తం, పైన ఈకలు. ఈకలైతే దాదాపు 90% ప్రోటీన్, అందులోనూ గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు (మెథియోనిన్, సిస్టీన్) ఎక్కువ, అందుకే మేతలో ప్రోటీన్ తగ్గితే మొట్టమొదట కంటికి కనిపించేది ఈకలే, రెక్కల మీద ఆలస్యంగా వస్తాయి, వీపు బోడిగా ఉంటుంది, పిల్లలు ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలవుతుంది.

కోడికి కావాల్సింది నిజానికి అమైనో ఆమ్లాలు. మొక్కజొన్న, సోయా మేతలో ముందుగా కొరత వచ్చేది మెథియోనిన్, దాని తర్వాత లైసిన్, ఆ తర్వాత థ్రియోనిన్. వీటిల్లో ఏ ఒక్కటి తక్కువైనా మిగతావి ఎంత ఉన్నా కండ కట్టడం అక్కడే ఆగిపోతుంది, మిగిలిపోయిన అమైనో ఆమ్లాల్ని శరీరం విరగ్గొట్టి నైట్రోజన్‌ని యూరిక్ యాసిడ్‌గా బయటికి పంపేస్తుంది, రెట్టలో తెల్లగా కనిపించేది అదే. మనం అన్నంలో పప్పు ఎందుకు కలుపుతామో ఇక్కడా అదే సూత్రం, ధాన్యంలో లైసిన్ తక్కువ, పప్పుజాతి గింజల్లో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ, రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. మొక్కజొన్న, సోయా జోడీ ప్రపంచమంతా కోళ్ల మేతకి ఆధారం అయిందంటే కారణం ఇదే.

లైసిన్ గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి. ఛాతీ కండ లైసిన్ కొరతకి మిగతా కండల కంటే తొందరగా దెబ్బ తింటుంది. పైగా పిల్ల పుట్టిన మొదటి కొద్ది రోజుల్లోనే కండలో కొత్త కణాల విభజన జోరుగా జరుగుతుంది, తర్వాత కండ ఎంత పెరుగుతుంది అన్నదానికి పునాది అక్కడే పడుతుంది. కాబట్టి పొదుపు చేయాలనుకుంటే చివర్లో చేయండి, మొదటి పది రోజుల్లో మాత్రం వద్దు. ఆ పది రోజుల్లో పిల్ల తినేదే చాలా తక్కువ, బ్రాయిలర్ కూడా పావు కేజీ అటూ ఇటూ తింటుంది, మీరు మిగిల్చే డబ్బులు కూడా చాలా తక్కువే.

స్టెప్ 2: మీ పిల్ల ఏ రకమో చూసి టార్గెట్ పెట్టుకోండి

అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 1994లో ఇచ్చిన పట్టికని ఇప్పటికీ అందరూ బేస్‌గా తీసుకుంటారు. దాని ప్రకారం బ్రాయిలర్‌కి మొదటి మూడు వారాలు 23% ప్రోటీన్, మూడు నుంచి ఆరు వారాల దాకా 20%, ఆ తర్వాత 18%, ఎనర్జీ మూడు దశల్లోనూ కేజీకి 3200 కిలో కేలరీలు. లైసిన్ అయితే 1.10, 1.00, 0.85 శాతం. ఇప్పటి హైబ్రిడ్ బ్రాయిలర్లు అప్పటి వాటికన్నా చాలా వేగంగా పెరుగుతాయి కాబట్టి బ్రీడ్ కంపెనీలు లైసిన్ ఇంతకన్నా ఎక్కువే పెట్టమంటాయి, మీ పిల్లలు ఏ బ్రీడో ఆ బుక్‌లెట్ హేచరీ వాళ్లని అడిగి తీసుకోండి.

నాటు పిల్లలకి, వనరాజ లాంటి వాటికి ఇంత అవసరం లేదు. వనరాజ, గ్రామప్రియ రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో తయారైన పెరటి రకాలు, ఇవి బ్రాయిలర్ అంత స్పీడుగా పెరగవు కాబట్టి రోజుకి కట్టే కండ తక్కువ, దానికి తగ్గట్టే ప్రోటీన్ అవసరం కూడా తక్కువ. మొదటి ఆరు వారాలు 18 నుంచి 20% మధ్య, సరైన అమైనో ఆమ్లాలతో ఉంటే చక్కగా సరిపోతుంది. బ్రాయిలర్ ప్రీ స్టార్టర్ (మొదటి రోజుల్లో పెట్టే ఎక్కువ ప్రోటీన్ మేత) తెచ్చి ఆరు వారాలూ నాటు పిల్లలకి పెడితే చెడేమీ జరగదు కానీ డబ్బు రెట్టలో పోతుంది.

గుడ్ల కోళ్ల పిల్లలకి కూడా ఇదే రేంజ్. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఇంట్లో లేయర్ ఫీడ్ ఉంది కదా అని పిల్లలకి పెట్టొద్దు. అందులో కాల్షియం మూడు శాతం పైనే ఉంటుంది, పిల్లకి ఒక శాతం చాలు, మిగతాది కిడ్నీల మీద పడుతుంది.

స్టెప్ 3: శాతం ఒక్కటే చూడకండి, ఎనర్జీని ప్రోటీన్‌తో భాగించి చూడండి

కోడి ముఖ్యంగా ఎనర్జీ అవసరం తీరేదాకా తింటుంది. ప్రోటీన్ కొంచెం తక్కువైతే ఆ లోటు పూడ్చుకోవడానికి ఇంకొంచెం ఎక్కువ తింటుంది, దాంతో పాటు ఎనర్జీ కూడా ఎక్కువ లోపలికి పోతుంది, అది ఎక్కడికి పోవాలి? కొవ్వుగా మారి పొట్టలో, చర్మం కింద చేరుతుంది. 1943లోనే టెక్సాస్‌లో ఫ్రాప్స్ అనే శాస్త్రవేత్త మేతని బట్టి కోడి ఒంట్లో కొవ్వు మారుతుందని చూపించారు. 1956లో మేరీల్యాండ్‌లో డొనాల్డ్‌సన్, కోంబ్స్, రొమోసర్ ఇంకా స్పష్టంగా చెప్పారు, ప్రోటీన్ శాతానికి ఎన్ని కేలరీలు అన్న నిష్పత్తి పెరిగేకొద్దీ పిల్ల ఒంట్లో కొవ్వు పెరుగుతుంది, నీళ్లు తగ్గుతాయి అని. నీళ్లు ఎందుకంటే కండలో నీళ్లు ఎక్కువ, కొవ్వులో దాదాపు ఉండవు, అందుకే ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుంది.

లెక్క చాలా ఈజీ. కేజీ మేతలో ఉన్న కిలో కేలరీల్ని ప్రోటీన్ శాతంతో భాగించండి. పైన చెప్పిన పట్టికలో మొదటి దశకి 3200ని 23తో భాగిస్తే 139, రెండో దశకి 160, మూడో దశకి 178. అంటే వయసు పెరిగేకొద్దీ నిష్పత్తి పెరగొచ్చు, చిన్నప్పుడు మాత్రం తక్కువ ఉండాలి.

ఇప్పుడు ఆ నూకల సంగతికి వద్దాం. మీ దగ్గర 23% ప్రోటీన్, కేజీకి 3000 కిలో కేలరీలు ఉన్న ప్రీ స్టార్టర్ ఉంది అనుకోండి, నిష్పత్తి 130. దాంట్లో పావు వంతు మొక్కజొన్న రవ్వ (9% ప్రోటీన్, 3300 కిలో కేలరీలు) కలిపారు. ప్రోటీన్ 19.5కి పడిపోయింది, ఎనర్జీ 3075కి పెరిగింది, నిష్పత్తి 158. సగానికి సగం కలిపితే ప్రోటీన్ 16, ఎనర్జీ 3150, నిష్పత్తి 197 అయిపోయింది. ఏడు రోజుల బ్రాయిలర్ పిల్ల తింటున్న మేత ఏడు వారాల కోడికి పెట్టే మేత కన్నా ఘోరంగా తయారైంది అనమాట. పైగా విటమిన్లు, కాల్షియం, ఫాస్ఫరస్, కాక్సీ మందు (పేగుకి వచ్చే కాక్సిడియోసిస్ జబ్బు రాకుండా మేతలో కలిపేది) అన్నీ సగం అయిపోయాయి, కాళ్లు వంకర పోతే జబ్బు అనుకుని మందులు వాడతారు.

ఖర్చు తగ్గించాలి అంటే నూకలతో పాటు సోయా కూడా కలపాలి. ఎంత అన్నది ఐదో స్టెప్‌లో ఉంది.

స్టెప్ 4: బస్తా మీద రాసింది నమ్మే ముందు

బస్తా మీద "క్రూడ్ ప్రోటీన్ 22%" అని ఉంటుంది. ల్యాబ్‌లో కొలిచేది నైట్రోజన్ మాత్రమే, ప్రోటీన్‌లో సగటున 16% నైట్రోజన్ ఉంటుంది కాబట్టి దాన్ని 6.25తో గుణించి ప్రోటీన్ అని రాస్తారు. మోసానికి తావు ఇక్కడే. యూరియాలో 46% నైట్రోజన్ ఉంటుంది, గుణిస్తే 287% ప్రోటీన్! చేపల పొడిలోనో చెక్కలోనో కేవలం ఒక శాతం యూరియా కలిపితే రిపోర్టులో దాదాపు మూడు శాతం ప్రోటీన్ ఎక్కువ చూపిస్తుంది, కోడికి మాత్రం దాంతో కండ రాదు, ఆవుకి ఉన్న పొట్ట కోడికి లేదు. కాబట్టి విడిగా ముడిసరుకు కొనేవాళ్లు ప్రోటీన్‌తో పాటు యూరియా టెస్ట్ కూడా చేయించండి. చేపల పొడికి ఇసుక, ఉప్పు టెస్ట్ కూడా. ఎండు చేపల పొడిలో ఉప్పు ఎక్కువైతే పిల్లలు నీళ్లు తెగ తాగి రెట్ట నీళ్లలా వేస్తాయి, కొన్నిసార్లు చచ్చిపోతాయి కూడా.

సోయా విషయంలో ఇంకో జాగ్రత్త. పచ్చి సోయా గింజలో ట్రిప్సిన్‌ని అడ్డుకునే పదార్థం ఉంటుంది, అది పేగులో ప్రోటీన్ అరగనివ్వదు, పిల్లలు ఎంత తిన్నా పెరగవు. వేడి చేస్తే అది పోతుంది. మరీ మాడిపోయేలా వేడి చేస్తే లైసిన్ చెక్కెరలతో కలిసిపోయి కోడికి అందకుండా పోతుంది. సోయా డీఓసీ (నూనె తీసిన సోయా చెక్క) లేత గోధుమ పసుపు రంగులో ఉండాలి, ముదురు బ్రౌన్ రంగు వచ్చి మాడు వాసన వస్తుంటే ప్రోటీన్ శాతం ఎంత ఉన్నా తీసుకోకండి. ఇంటి దగ్గర గింజలు మర పట్టించి పచ్చిగా కలిపేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, కనీసం బాగా వేయించి పట్టించండి.

వేరుశనగ చెక్క మన దగ్గర తేలిగ్గా దొరుకుతుంది, ప్రోటీన్ 40% పైనే, చూడ్డానికి సోయాకి దీటుగా ఉంటుంది. కానీ లైసిన్ సోయాలో 2.8% ఉంటే దీంట్లో సుమారు సగమే. వంద కేజీల మేతలో పది కేజీల సోయా తీసి పది కేజీల వేరుశనగ చెక్క వేస్తే ప్రోటీన్ శాతం పెద్దగా మారదు, లైసిన్ మాత్రం 0.13 దాకా పడిపోతుంది, పిల్లకి అది చిన్న లోటు కాదు. దానికి తోడు బూజు విషం, అఫ్లాటాక్సిన్. అది కాలేయాన్ని దెబ్బతీస్తే రక్తంలోని ప్రోటీన్లలో ఎక్కువ భాగం తయారయ్యేది అక్కడే కాబట్టి మంచి మేత పెట్టినా పిల్ల ఎదగదు. వర్షాకాలంలో చిన్న పిల్లలకి వేరుశనగ చెక్క పెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. మొక్కజొన్న కూడా తేమ 12, 13% దాటితే కొనొద్దు, చేతిలోకి తీసుకుంటే గలగలమనాలి, కొరికితే టక్కున విరగాలి.

నువ్వుల చెక్కలో మెథియోనిన్ బాగుంటుంది, లైసిన్ తక్కువ, కొంచెం కలపొచ్చు. పత్తి చెక్క పిల్లలకి వద్దు, గాసిపాల్ అనే విషం ఉంటుంది. అజొల్లా (నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క) గురించి చాలా పెద్దగా చెప్తుంటారు, ఎండబెట్టిన దాంట్లో 20, 25% ప్రోటీన్ ఉన్న మాట నిజమే కానీ పచ్చి అజొల్లాలో 94% దాకా నీళ్లే, వంద గ్రాముల పచ్చి అజొల్లాలో ఒకటిన్నర గ్రాము మించి ప్రోటీన్ రాదు. పెద్ద కోళ్లకి బాగానే ఉంటుంది కానీ రెండు వారాల పిల్ల చిన్న మేతసంచిలో ఆ నీళ్లు నింపితే అసలు మేతకి చోటుండదు.

స్టెప్ 5: సొంతంగా మేత కలపడం

ముందు రెండు సరుకులతో లెక్క వేయడం నేర్చుకోండి. మొక్కజొన్న 9%, సోయా డీఓసీ 45%, మీకు కావాల్సింది 20%. సోయాలోంచి 20 తీసేస్తే 25, ఇది మొక్కజొన్న భాగాలు. 20లోంచి 9 తీసేస్తే 11, ఇది సోయా భాగాలు. మొత్తం 36 భాగాలు, అంటే మొక్కజొన్న సుమారు 69%, సోయా 31%. ఏ రెండు సరుకులకైనా ఇదే పద్ధతి, నోట్‌బుక్‌లో నాలుగు మూలలు గీసి వేసుకోవచ్చు.

నిజం మేతలో ఖనిజాలు, విటమిన్లకి నాలుగు శాతం చోటు ఉంచాలి. నాటు, వనరాజ, లేయర్ పిల్లలకి మొదటి ఆరు వారాలకి వంద కేజీల మేత ఇలా కలుపుకోవచ్చు: మొక్కజొన్న రవ్వ 58 కేజీలు, సోయా డీఓసీ 30, నూనె తీసిన తౌడు 8, డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) 1.8, సున్నపురాయి పొడి 1.3, ఉప్పు 300 గ్రాములు, మెథియోనిన్ 200 గ్రాములు, లైసిన్ 100 గ్రాములు, విటమిన్లు ఖనిజాల ప్రీమిక్స్ 300 గ్రాములు. ప్రోటీన్ లెక్క వేద్దాం, మొక్కజొన్న నుంచి 5.2, సోయా నుంచి 13.5, తౌడు నుంచి 1.2, మొత్తం 19.9. ఎనర్జీ సుమారు 2740. నిష్పత్తి 138 దగ్గర వస్తుంది, పిల్లకి చాలా బాగుంటుంది. లైసిన్ 1.1, మెథియోనిన్ 0.5 దాకా వస్తాయి. ప్రీమిక్స్ ప్యాకెట్ మీద టన్నుకి ఎంత అని రాసి ఉంటుంది, అది కంపెనీని బట్టి మారుతుంది, దాన్నే ఫాలో అవ్వండి, తేడా ఉంటే తౌడులో సర్దుకోండి. బ్రాయిలర్‌కి మాత్రం ఈ మేత ఎనర్జీ తక్కువ, తౌడు తీసేసి నూనె కలిపి సోయా పెంచాల్సి ఉంటుంది, చిన్న బ్యాచ్‌కి అంత తిప్పలు పడటం కన్నా రెడీమేడ్ ప్రీ స్టార్టర్ కొనడం నయం.

కలిపేటప్పుడు అందరూ తొందరపడే చోటు ఒకటుంది. రెండొందల గ్రాముల మెథియోనిన్‌ని వంద కేజీల కుప్ప మీద నేరుగా చల్లి పారతో తిప్పేస్తే అది ఒక మూలనే ఉండిపోతుంది. ముందు చిన్న చిన్న సరుకులన్నీ ఒక కేజీ రవ్వలో కలపండి, దాన్ని ఐదు కేజీల్లో, దాన్ని ఇరవై కేజీల్లో, ఆ తర్వాత మొత్తం కుప్పలో. పట్టా మీద కుప్పని ఈ పక్క నుంచి ఆ పక్కకి కనీసం నాలుగైదు సార్లు మార్చండి. ఒక్కో పిల్ల రోజుకి పది, ఇరవై గ్రాములే తింటుంది, ఆ గుప్పెడులో అన్నీ ఉండాలి కదా.

రవ్వ సైజు చూసుకోండి. మరీ పిండిలా ఉంటే ముక్కుకి అంటుకుంటుంది, మరీ లావుగా ఉంటే పిల్లలు మొక్కజొన్న ముక్కలు ఏరుకుని తిని సోయా పొడి అడుగున వదిలేస్తాయి. అప్పుడు మీరు పెట్టింది 20%, అవి తిన్నది 14%. ఫీడర్ అడుగున మిగిలింది రోజూ చేత్తో తీసి చూడండి, పసుపు రవ్వ అంతా పోయి బ్రౌన్ పొడి మిగిలుంటే ఇదే జరుగుతోందని అర్థం.

స్టెప్ 6: మొదటి వారం

పిల్ల పుట్టేటప్పుడు పొట్టలో మిగిలిన సొన ఉంటుంది, రెండు మూడు రోజులు దాని మీద బతకగలదు, అందుకని మేత లేట్ చేయొచ్చు అనుకుంటారు. తప్పు. మేత తొందరగా లోపలికి పోతేనే పేగు తొందరగా ఎదుగుతుంది, సొన కూడా తొందరగా వాడుకుంటుంది. దింపగానే నీళ్లు, ఆ వెంటనే పేపర్ మీద మేత చల్లండి. మొదటి రోజు ఉత్తి మొక్కజొన్న రవ్వ పెట్టడం మన దగ్గర అలవాటు, కొన్ని గంటలు అయితే పర్లేదు, రోజంతా పెట్టకండి.

రాత్రి పడుకునే ముందు పిల్లల మేతసంచి తడిమి చూడండి, గొంతు కింద కుడి పక్కన వేలితో నొక్కితే మెత్తగా నిండుగా తగలాలి. పదింటిలో తొమ్మిది నిండుగా ఉండాలి. గట్టిగా రాళ్లలా ఉంటే నీళ్లు తాగట్లేదు. ఖాళీగా ఉంటే చలో, వేడో, ఫీడర్ అందకో. బ్రూడర్ (పిల్లలకి వేడినిచ్చే ఏర్పాటు) కింద మొదటి వారం 33 నుంచి 35 డిగ్రీలు ఉండాలి, చలికి వణికే పిల్ల తిన్న ఎనర్జీ అంతా ఒళ్లు వేడి చేసుకోవడానికే ఖర్చు పెడుతుంది, ప్రోటీన్ ఎంత మంచిదైనా కండ కట్టదు.

తల్లి కోడితో తిరిగే నాటు పిల్లలకి వేరే ఉపాయం. మేత చల్లితే తల్లి, పుంజు, పక్కింటి కోళ్లు అన్నీ తినేస్తాయి. గంపని కొంచెం ఎత్తి కింద రాళ్లు పెట్టి, పిల్లలు మాత్రమే దూరేంత సందు ఉంచి, లోపల మేత పళ్లెం పెట్టండి. రెండు రోజుల్లో అలవాటు పడిపోతాయి. పందెం జాతి పిల్లలకి ఉడికించిన గుడ్డు, గంట్లు (సజ్జలు), చోళ్లు (రాగులు) పెట్టేవాళ్లు గోదావరి జిల్లాల్లో చాలామంది. గుడ్డు అద్భుతమైన ప్రోటీన్, గంట్లలో పది శాతం పైన ఉంటుంది, చోళ్లలో ఏడు దగ్గరే. గుడ్డు మానేసి చోళ్లు, నూకల మీదే పెంచితే పిల్ల ఎముక సన్నగా, ఈక ఆలస్యంగా వస్తుంది. చెదపురుగులు దొరికితే పెట్టండి, మన పెద్దవాళ్లు కుండలో పేడ, తడి గడ్డి పెట్టి చెదలు పట్టించి పిల్లలకి వేసేవాళ్లు, అది చాలా తెలివైన పని.

స్టెప్ 7: తూకం, రెండు గుంపుల పరీక్ష

మీ షెడ్‌లో ఏ మేత పనిచేస్తుందో తెలియాలంటే పిల్లల్ని రెండు గుంపులు చేసి చూడటమే. ఒకే హేచ్ పిల్లలు, గుంపుకి కనీసం ఇరవై, అందినవి అందినట్టు ఒకటి ఇటు ఒకటి అటు వేయాలి, పెద్దవి ఒక పక్క ఏరి పెట్టకూడదు. స్థలం, ఫీడర్, లైటు, నీళ్లు అన్నీ సమానం, మేత ఒక్కటే వేరు. వారానికొకసారి అదే రోజు, పొద్దున్నే మేత వేయకముందు తూయండి, ఒక గ్రాము చూపించే డిజిటల్ కాటా చాలు. వేసిన మేత, మిగిలిన మేత రెండూ రాసుకోండి.

లెక్క కోసం ఇలా అనుకోండి. మొదటి గుంపు 20% మేత 26 కేజీలు తిని 11.2 కేజీలు పెరిగింది, కేజీ పెరుగుదలకి 2.32 కేజీల మేత. రెండో గుంపు 16% మేత 28 కేజీలు తిని 10 కేజీలు పెరిగింది, కేజీకి 2.8. రెండోది ఎక్కువ తిని తక్కువ పెరిగింది. కానీ తిన్న ప్రోటీన్ కేజీకి ఎంత పెరిగిందో చూస్తే మొదటిది 2.15, రెండోది 2.23, అంటే రెండోదే మెరుగ్గా కనిపిస్తుంది! దీన్ని చూసి మోసపోవద్దు. ప్రోటీన్ తక్కువ ఉన్నప్పుడు కోడి దాన్ని పొదుపుగా వాడుకుంటుంది, ఆ పెరిగిన బరువులో కొవ్వు ఎంతో ఈ లెక్క చెప్పదు. మీ నిర్ణయానికి పనికొచ్చేవి రెండే, కేజీ బరువుకి మేత ఖర్చు, కోసినప్పుడు మాంసం.

సగటుతో పాటు ఒక్కో పిల్ల బరువు విడివిడిగా రాసుకోండి. సగటుకి పది శాతం అటూ ఇటూలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మేత ఏరుకుని తినడం, ఫీడర్ సరిపోకపోవడం లాంటివి ముందు ఇక్కడే బయటపడతాయి, సగటు బాగానే ఉంటుంది కానీ సగం పిల్లలు పెద్దవి, సగం గిడసబారినవి ఉంటాయి.

స్టెప్ 8: కోసి చూడటం

ఒళ్లు ఎలా తయారైందో చెప్పేది ఇదే. గుంపుకి మూడు నాలుగు కోళ్లు, వయసు ఒకటే, పుంజులతో పుంజుల్ని, పెట్టలతో పెట్టల్ని పోల్చాలి ఎందుకంటే పెట్టలకి సహజంగానే కొవ్వు ఎక్కువ. ముందు రాత్రి మేత తీసేసి నీళ్లు మాత్రం ఉంచండి, పొద్దున్నే బతికున్న బరువు తూయండి. కోశాక కందనకాయ చుట్టూ, తోక వైపు పొట్ట గోడకి అంటుకుని ఉన్న కొవ్వంతా చేత్తో వలిచి తూయండి. రెండు కేజీల బ్రాయిలర్‌లో 30 గ్రాములు ఉంటే ఒకటిన్నర శాతం, బాగుంది. 60 గ్రాములు ఉంటే మూడు శాతం, మేతలో ఎనర్జీ ఎక్కువైంది లేదా ప్రోటీన్ తక్కువైంది. నాటు, వనరాజ పిల్లల్లో ఆరేడు వారాలకి ఇది చాలా తక్కువ ఉండాలి, ఆ వయసులోనే ముద్దలా కనిపిస్తే ఖచ్చితంగా మేత తేడానే. తర్వాత ఛాతీ కండ ఎముక నుంచి వేరు చేసి తూయండి, బతికున్న బరువులో ఎంత శాతమో రాసుకోండి.

కోయకుండా తెలుసుకోవాలంటే ఛాతీ మధ్య ఎముక మీద వేళ్లు పెట్టి చూడండి, రెండు పక్కలా కండ గుండ్రంగా నిండి ఉందా, ఎముక కత్తి అంచులా తగులుతోందా. బరువు బాగుండి ఎముక పదునుగా తగిలితే ఆ బరువు పొట్టలో ఉందని అర్థం.

స్టెప్ 9: ఎక్కువైతే ఏమవుతుంది

ఒక లెవెల్ దాటాక ప్రోటీన్ పెంచితే బరువు పెరగదు. 23% నుంచి 27%కి వెళ్తే కొవ్వు ఇంకాస్త తగ్గుతుందేమో గానీ ఎదుగుదలలో పెద్ద తేడా కనిపించదు, మిగిలిన నైట్రోజన్ బయటికి పంపడానికి కిడ్నీలకి పని, దానికి నీళ్లు కావాలి, కాబట్టి ఎక్కువ తాగుతాయి, ఊక తడిసిపోతుంది, షెడ్‌లోకి వెళ్తే కళ్లు మండుతాయి. ఆ అమ్మోనియాకి పిల్లల కళ్లు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, తడి ఊక మీద నిలబడి అరికాళ్లు పుండ్లు పడతాయి. పిల్లలు చచ్చిపోయి లోపల తెల్లటి సుద్దలాంటిది కనిపిస్తే అందరూ ప్రోటీన్ మీద నెపం వేస్తారు, నా అనుభవంలో ముందు చూడాల్సింది నీళ్లు సరిగ్గా అందాయా, కాల్షియం ఎక్కువైందా, మేతలో బూజు ఉందా అని, కొన్ని వైరస్‌ల వల్ల కూడా వస్తుంది కాబట్టి పశువైద్యుడికి చూపించండి.

ఎండాకాలం ఇంకో రకం. 42 డిగ్రీల ఎండలో కోడి మేత తగ్గించేస్తుంది, ప్రోటీన్ తక్కువ పోతుందని శాతం పెంచేస్తారు, కానీ ప్రోటీన్ అరిగేటప్పుడు పుట్టే వేడి మిగతా వాటికన్నా ఎక్కువ, ఉన్న వేడికి తోడవుతుంది. సోయా పెంచకుండా మెథియోనిన్, లైసిన్ కొంచెం పెంచండి, మేత తెల్లవారుజామున, సాయంత్రం చల్లబడ్డాక వేయండి, పదింటి నుంచి నాలుగింటి దాకా ఫీడర్ ఎత్తేయండి, నీళ్లు మాత్రం చల్లగా ఎప్పుడూ ఉండాలి.

స్టెప్ 10: మేత మార్చేటప్పుడు

ఆరు వారాల తర్వాత నాటు, వనరాజ పిల్లలకి ప్రోటీన్ 16% దాకా దించొచ్చు, బయట తిరిగి పురుగులు, ఆకులు తినే చోటైతే ఇంకా తగ్గించొచ్చు. నూకలు కలపాలనే కోరిక తీర్చుకోవాల్సిన టైమ్ ఇదే, అది కూడా నిష్పత్తి లెక్క వేసుకుని. ఒకేసారి మార్చకండి, మొదటి రోజు కొత్తది పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు, నాలుగో రోజు పూర్తిగా. మార్చిన వారం తూకం తప్పకుండా వేయండి, పెరుగుదల ముందు వారం కన్నా బాగా పడిపోతే తొందరపడ్డారని అర్థం, ఇంకో వారం పాత మేతకి వెళ్లండి. పెట్టల్ని గుడ్లకి ఉంచుకునేవాళ్లు ఈ దశలో కొవ్వు పట్టకుండా మరింత జాగ్రత్తగా ఉండాలి, కొవ్వెక్కిన పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది. కోతకి పెంచేవాళ్లు కూడా చివరి రెండు వారాల్లో ఉత్తి మొక్కజొన్న పెట్టి బరువు తేవాలని చూడొద్దు, ఆ బరువు కొన్నవాళ్ల ఇంట్లో కడిగేటప్పుడు పక్కకి పోయేదే, వాళ్లు మళ్లీ మీ దగ్గరికి వస్తారో లేదో మీరే ఆలోచించుకోండి.